పాత తుపాకి – దాని పనితీరు, దాని నమ్మకము

మన పాఠశాల బాలబాలికలు చరిత్ర పాఠములో పాంచాలంకురిచి యుద్ధమును చదువుచున్నారు. వీరపాండ్య కట్టబొమ్మన నాయకుని పేరు వినని బిడ్డ మన నల్లరేగడి సీమలో లేడు. అయినను, ఆ యుద్ధమున ఇరుపక్షములవారి చేతులలో నుండిన తుపాకు లెట్టివి, అవి ఏ రీతిని పేలుచుండెను, ఏ వేళ పేలక మొండికెత్తుచుండెను అని యడిగినచో సమాధానము చెప్పగలవారు మిక్కిలి తక్కువ. యుద్ధకథలలో శౌర్యమును గూర్చి వినుచున్నాము గాని ఆయుధమును గూర్చి వినుటలేదు.

ఈ విషయమును తల్లిదండ్రుల యెదుట నుంచుటకు రెండు కారణములు కలవు. మొదటిది, పిల్లలు చదువు చరిత్ర, రసాయన, భౌతిక శాస్త్రములు మూడును ఈ యొక్క వస్తువులో కలియుచున్నవి. మన సీమలో అగ్గిపెట్టెల పని యెఱిగిన యిండ్లకు ఈ పాఠము సులభముగా బోధపడును. రెండవది, పాత ఇండ్ల అటకలమీదను, పూజగదులలోను అక్కడక్కడ పాత ఆయుధము లింకను ఉండవచ్చును. వాని విషయమున పెద్దలు ఏమి చేయవలెనో, పిల్లలు ఏమి చేయరాదో తెలిసియుండుట మేలు.

తుపాకి మన దేశమునకు వచ్చిన విధము

తుపాకి యను మాట మనది కాదు. తురుష్క భాషనుండి వచ్చి తెలుగున తుపాకి యనియు, అరవమున తుప్పాక్కి యనియు స్థిరపడినది. ఫిరంగి యను మాట యూరపువారిని ఫరంగులని పిలుచుటవలన కలిగినది. వస్తువు వచ్చిన దారిని మాటయే చెప్పుచున్నది. 1520వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినపుడు, క్రిస్తోవావ్ ద ఫిగెరెదో యను పోర్చుగీసువాడు తన తుపాకి వాండ్రతో వచ్చి రాయలకు తోడ్పడినట్లు ఆ దేశపు వర్తకుడు నూనిజు వ్రాసియున్నాడు. కోటగోడపై తల యెత్తిన కావలివారిని వారు దూరమునుండియే కొట్టిరి. పిమ్మట విశ్వనాథ నాయకుని కాలమున మధుర రాజ్యము పాళెములుగా ఏర్పడినపుడు, విజయనగరపు యుద్ధవిద్యతోపాటు తుపాకియు దక్షిణమునకు దిగివచ్చినది.

మందు యొక్క గుణము

తుపాకికి ప్రాణము మందు. సురేకారము, గంధకము, బొగ్గు అను మూడు వస్తువులను మెత్తగా నూరి కలిపినచో నల్లమందు సిద్ధమగును. ఆ కాలపు మందులో నూటికి సుమారు 75 పాళ్లు సురేకారము, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకము ఉండును. బొగ్గును గంధకమును మండునవి. సురేకారము వానికి కావలసిన ప్రాణవాయువును తనలోనుండి యిచ్చును. కనుకనే మూసిన గొట్టములోపల, బయటిగాలి తగులనిచోట గూడ మందు ఒక్కసారిగా మండి, ఆవిరులు పెద్దవై గుండును ముందునకు త్రోయుచున్నవి.

ఈ మందునకు రెండు లోపములు కలవు. తేమ తగిలినచో మండదు. మండిన పిమ్మట సగమునకు పైగా మసియు ఉప్పులును గొట్టములోనే మిగిలిపోవును. శివకాశి బాణసంచా సంగతి యెఱిగినవారికి మొదటి లోపమును వేరుగా చెప్పనక్కరలేదు. ముసురు పట్టిన దినమున టపాకాయ ఏ గతి పొందునో తుపాకిమందును ఆ గతియే పొందుచుండెను. రెండవ లోపమువలన, పదిపదునైదు మారులు పేల్చిన పిమ్మట గొట్టము ఇఱుకై గుండు దిగకుండెడిది. అప్పుడు గొట్టమును నీటితో కడిగి తుడిచి ఆరబెట్టనిదే ముందునకు సాగుటకు వీలులేదు.

జామగీ తుపాకి

పాళెగార్ల కాలమున మన ప్రాంతమున మిక్కిలిగా వాడుకలో నుండినది జామగీ తుపాకి. జామగీ యనగా సురేకారపు నీటిలో నానబెట్టి ఆరబెట్టిన నూలు ఒత్తి. ఇది మంటలేక నెమ్మదిగా నిప్పురవ్వవలె కాలుచుండును. తుపాకిపై వంకరగానున్న ఇనుప కొక్కెమునకు ఈ ఒత్తిని తగిలింతురు. మీట నొక్కినపుడు కొక్కెము వంగి, కాలుచున్న ఒత్తి గొట్టము ప్రక్కనున్న చిన్న పళ్లెరములోని మందును తాకును. ఆ మంట సన్నని రంధ్రముద్వారా లోపలికి పోయి పెద్దమందును అంటించును.

పనితీరు సులభమైనది, గ్రామములోని కమ్మరి బాగుచేయగలిగినది. చెడిపోవుటకు అందులో భాగములు తక్కువ. కాని దానిని నిలువుకొనుట కష్టము. యుద్ధము జరుగు వేళ అంతయు ఒత్తి కాలుచునే యుండవలెను. రాత్రివేళ ఆ నిప్పుచుక్క దూరమునుండి శత్రువునకు కనబడును. వాన కురిసినచో ఒత్తి ఆరును; గాలి వీచినచో పళ్లెరములోని మందు ఎగిరిపోవును. అన్నిటికంటె భయంకరమైనది, చేత నిప్పును నడుమున మందుసంచియు పెట్టుకొని మనిషి పరుగెత్తవలసి వచ్చుట.

చెకుముకి తుపాకి

తూర్పు ఇండియా కుంఫిణీ సిపాయిల చేత నుండినది చెకుముకి తుపాకి. ఆంగ్లసిపాయిలు దానిని ముద్దుపేరుతో బ్రౌన్ బెస్ అని పిలుచుచుండిరి. కుంఫిణీవారు తమ సేనలకై చేయించిన రకము గొట్టము 39 అంగుళముల పొడవు; రంధ్రము ముప్పాతిక అంగుళము. 1797 ప్రాంతమున ఫ్రెంచివారితో యుద్ధము ముదిరినపుడు ఇంగ్లండు రాజుగారి సేనలు సహితము కుంఫిణీ రకమునే తీసికొనవలసి వచ్చెను.

ఇందులో ఒత్తికి బదులు చెకుముకిరాయి యుండును. మీట నొక్కగానే రాయి ఉక్కుపలకకు కొట్టుకొని రవ్వలు రాలి మందు అంటుకొనును. మన అవ్వతాతలు దూదికి నిప్పు పుట్టించిన విధమే యిది. నిప్పు సదా మండుచుండ నక్కరలేదు గనుక సిపాయిలు దగ్గరదగ్గరగా నిలువవచ్చును. అలవాటుపడిన సిపాయి నిమిషమునకు మూడుమారులు పేల్చగలిగెను. అయినను ఇదియు నమ్మదగినదని చెప్పుటకు వీలులేదు. రాయి ఇరువది ముప్పది మారులకు అరిగి మార్చవలసివచ్చును. రాయి మొక్కపోయినను, పళ్లెరపు రంధ్రము మసితో పూడినను, మందు చెమ్మగిల్లినను, పళ్లెరములోని మందు మాత్రము భగ్గుమని మండి లోపలిమందు అంటుకొనకుండెడిది.

గుఱి విషయమున గూడ అంతంతమాత్రమే. గుండు త్వరగా దిగుటకై దానిని గొట్టపు రంధ్రముకంటె కొంచెము చిన్నదిగా పోయుచుండిరి. అది గొట్టములో ఇటునటు తగులుచు బయటికి వచ్చి ఏ దిక్కునకు తిరిగిన ఆ దిక్కునకు పోవుచుండెను. నూరు గజములు దాటినపిమ్మట ఒక మనిషిని గుఱిపెట్టి కొట్టుట అదృష్టము మీద ఆధారపడినది. అందువలననే సిపాయిలను వరుసలుగా నిలిపి అందరిచేత ఒక్కసారిగా పేల్పించుచుండిరి.

పాంచాలంకురిచి చెప్పు సాక్ష్యము

ఇప్పుడు మన సీమ చరిత్రకు వత్తము. 1799 సెప్టెంబరు 5న మేజరు బ్యానర్‌మన్ సేనతో వచ్చి పాంచాలంకురిచి కోటపై పడెను. కోటగోడలు రాతివి కావు, మట్టివి. అయినను ఆనాటి దాడి విఫలమయ్యెను; కుంఫిణీ అధికారులలో పలువురు మడిసిరి. వారి సమాధులు ఆ ప్రాంతమున నేటికిని కలవు. పెద్దఫిరంగులు రావలసియున్నవని తెలిసి కట్టబొమ్మన కోట విడిచెను. పుదుక్కోట తొండమాను సీమలో పట్టుబడి 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరితీయబడెను.

మన నాగలాపురము పాళెము కట్టబొమ్మన పక్షమున నిలిచినదే. ఆ కారణమున ఎళాయిరంపణ్ణై, కోలార్‌పట్టి, కాడల్‌గుడి, కుళత్తూరు పాళెములతోపాటు నాగలాపురమును కుంఫిణీవారు స్వాధీనము చేసికొనిరి. నాగలాపురము పాళెగారి సోదరుడు సౌందరపాండ్య నాయకునకు గోపాలపురములో మరణదండన జరిగెను. పొరుగున నున్న ఎట్టయపురమువారు కుంఫిణీ పక్షమున ఉండిరి. ఈ సంగతులు మన పిల్లలకు నిందగాను, గర్వముగాను గాక, జరిగినది జరిగినట్లుగా తెలియవలెను.

పిమ్మట పాళెగార్లు కోటలను పడగొట్టవలెననియు, తుపాకులను ఈటెలను అప్పగించవలెననియు ఆజ్ఞ వెలువడెను. ఆజ్ఞలో తుపాకితోపాటు ఈటెయు చేరినది. దాని కారణము తరువాతి యుద్ధమునుబట్టి తెలియుచున్నది. 1801 ఫిబ్రవరి 2న, ఊమైత్తురై యని ప్రసిద్ధుడైన కట్టబొమ్మన తమ్ముడు పాళయంకోట చెరనుండి తప్పించుకొని వచ్చెను. పడగొట్టిన కోటను మనవారు కొద్ది దినములలోనే తిరిగి లేపిరి. మార్చి 31న కుంఫిణీసేన గోడకు గండి చేసి పైకెక్కబోయినపుడు, లోపలివారు మూడు నిలువుల పొడవుగల ఈటెలతో పొడిచి, గోడ యెక్కినవారి నెక్కినట్లే క్రిందికి త్రోసిరి. ఆ దాడియు విఫలమయ్యెను. ఆనాడు అక్కడ నుండిన జేమ్సు వెల్షు అను సైనికాధికారి తాను పిమ్మట ప్రకటించిన జ్ఞాపకములలో ఈ ఈటెల దెబ్బను విపులముగా వర్ణించినాడు.

ఇది ఎట్లు సంభవించెను? గోడదగ్గర తుపాకి ఒక్కమారే పేలును. మరల మందు పోసి, గుండు దిగవేసి, కడ్డీతో కూరి, పళ్లెరము నింపి, మీట నెత్తువరకు ఇరువది క్షణములు పట్టును. ఆ ఇరువది క్షణములలో ఈటెకు వ్యవధానము అక్కరలేదు. దానికి మందు చాలదను భయమును లేదు, వాన భయమును లేదు. దగ్గర పోరులో తుపాకికంటె ఈటెయే నమ్మదగిన ఆయుధమని పాంచాలంకురిచి గోడ నిరూపించినది.

కాని కోట నిలువలేదు. కర్నలు ఆగ్న్యూ అదనపు సేనను, పెద్దఫిరంగులను తెచ్చి 1801 మే 24న కోటను పట్టుకొనెను. ఊమైత్తురైని అదే సంవత్సరము నవంబరు 16న ఉరితీసిరి. డిసెంబరు మాసమున మద్రాసు గవర్నరు క్లైవుప్రభువు ప్రకటనవలన పాళెములలో ఆయుధధారణమే నిషిద్ధమయ్యెను. మనవారికి ధైర్యము కొఱవడి కోట పోలేదు. ఒక తుపాకి పోయిన మరియొకటి, ఒక పీపా మందు తడిసిన మరియొక పీపా తెచ్చు ఏర్పాటు కుంఫిణీకి సముద్రముమీదుగా ఉండెను, పాళెమునకు లేకుండెను. ఆయుధపు నమ్మకము దాని వెనుకనుండు సరఫరామీద ఎంత యాధారపడునో ఇందుమూలమున గ్రహింపవచ్చును. నేడు పాంచాలంకురిచిలో మనము చూచు కోట 1974లో తమిళనాడు ప్రభుత్వము నిర్మించిన స్మారకము.

చాళ్ల తుపాకి

గుండు చిన్నదై గొట్టములో కొట్టుకొనుటయే గుఱి తప్పుటకు కారణమని చెప్పితిమి. దీనికి పరిహారము గొట్టపు లోపలిభాగమున మెలికలు తిరిగిన చాళ్లు కోయుట. చాళ్లను ఒరసికొనుచు పోవు గుండు బొంగరమువలె తిరుగుచు బయటికి వచ్చును. తిరుగుచున్న బొంగరము పడనట్లే తిరుగుచున్న గుండును దారి తప్పదు. ఇట్టి తుపాకికి రైఫిలు అని పేరు. 1853 నాటి ఎన్‌ఫీల్డు రైఫిలు ఇట్టిదే. దాని తూటా కాగితమునకు పూసిన కొవ్వును గూర్చిన అనుమానము 1857 విప్లవమునకు ఒక కారణమైన సంగతి పిల్లలు చదివినదే.

పిదప తుపాకిని మూతినుండి గాక వెనుకనుండి నింపు పద్ధతి, ఇత్తడి తూటా, పొగలేని మందు వరుసగా వచ్చినవి. ఈ మార్పులన్నియు కలిసిన రూపము, మన దేశమున మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది, త్రీనాట్‌త్రీ యను లీ-ఎన్‌ఫీల్డు రైఫిలు. రంధ్రము ఒక అంగుళములో వేయింట 303 భాగములు గనుక ఆ పేరు వచ్చినది. 1907 నాటి రకమునకు గొట్టము సుమారు 25 అంగుళములు; బరువు నాలుగు కిలోగ్రాములకు కొంచెము తక్కువ; పెట్టెలో పది తూటాలు పట్టును. బెంగాలులోని ఇషాపూరు కార్ఖానాలో ఇది విరివిగా తయారయ్యెను. రెండు ప్రపంచయుద్ధములలోను మన సిపాయిల భుజముపై నుండినది. 1962 చైనా యుద్ధమున గూడ మన సేనలకు ఇదియే ముఖ్యమైన రైఫిలు. సేన విడిచిన పిమ్మట అనేక దశాబ్దములు పోలీసువారి చేత నిలిచెను. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26న దీనికి వీడ్కోలు పలికిరి. ఎన్.సి.సి. కవాతులో దీనిని భుజమున మోసినవారు మన పాఠశాల పెద్దలలోను కొందరుండవచ్చును.

గట్టితనము వేరు, నమ్మకము వేరు

లీ-ఎన్‌ఫీల్డునకు ఇంతటి పేరు ఎట్లు కలిగెను? దానికంటె సూక్ష్మమైన గుఱిగల రైఫిళ్లు లేకపోలేదు. కెనడావారు రాస్ అను రైఫిలును తమ సేనకిచ్చిరి. పోటీలలో దాని గుఱి ప్రశంసలు పొందినది. దాని భాగములు ఒకదానిలో నొకటి సందులేకుండ బిగిసియుండెను. 1915లో బెల్జియము నందలి యీప్ర యుద్ధమున కందకముల బురద తగులగానే బోల్టు కదలక నిలిచిపోయెను. సిపాయిలు బోల్టును కాలితో తన్ని తెరువవలసి వచ్చెను. బోల్టును విప్పి తప్పుగా అమర్చినచో పేల్చునపుడు వెనుకకు ఎగిరి ముఖమునకు తగులు ప్రమాదము గూడ కలదు. చనిపోయిన ఆంగ్లసిపాయిల లీ-ఎన్‌ఫీల్డులను కెనడావారు తీసికొని వాడిరి. 1916లో ఆ రైఫిలునే అధికారముగా స్వీకరించిరి.

లీ-ఎన్‌ఫీల్డు బోల్టునకు చుట్టును కొంచెము సందు కలదు. దుమ్ము, బురద పడినను ఆ సందులో ఇమిడి పని సాగును. గుఱిలో కొంత పోగొట్టుకొని పనితీరులో నిలకడను సంపాదించినదన్నమాట. అయితే దానికిని నియమములు కలవు. దాని తూటా అడుగున అంచు ఉండును. పైతూటా అంచు క్రిందితూటా అంచునకు ముందుగా నుండునట్లు నింపవలెను. వెనుక పడినచో రెండును చిక్కుకొని ఆగిపోవును. బోల్టుమీదను రైఫిలుమీదను ఒకే సంఖ్య చెక్కియుండును. ఒక రైఫిలు బోల్టును మరియొక దానికి అమర్చరాదు. అమర్చినచో తూటా వెనుక ఖాళీ యెక్కువై ఇత్తడి చిట్లి ఆవిరి వెనుకకు కొట్టవచ్చును. పలువురి చేతులు మారిన పాత రైఫిళ్లలో ఈ సంఖ్యలు కలియక పోవుట సామాన్యము. పైకి మెరుగుగా కనబడినను అట్టి దానిని నమ్మరాదు.

అగ్గిపుల్ల చెప్పు రసాయన పాఠము

పాత త్రీనాట్‌త్రీ రైఫిళ్లను పాడుచేసిన ముఖ్యశత్రువు లోపలి త్రుప్పు. ఎంత నూనె రాసినను కొన్ని గొట్టములు త్రుప్పు పట్టుచుండెను. దీని మర్మము కోవిల్‌పట్టి పిల్లలు సులభముగా తెలిసికొనగలరు. అగ్గిపుల్ల తలలో నుండు ముఖ్యవస్తువు పొటాషియం క్లోరేటు. పాత తూటాల అడుగున, మందును అంటించు చిన్న టోపీలోను ఇదే వస్తువు ఉండెడిది. అది మండినపుడు తనలోని ప్రాణవాయువును విడిచి పొటాషియం క్లోరైడుగా మారును. ఇది మన వంట ఉప్పునకు దగ్గరి బంధువు. వంట ఉప్పు వానకాలమున చెమ్మగిల్లునట్లే ఇదియు గాలిలోని తేమను లాగి ఇనుమును తినివేయును.

నూనెలో ఉప్పు కరుగదు, నీటిలో కరుగును. కనుక పేల్చిన దినముననే మరిగిన నీటిని గొట్టములో పోసి కడిగి, వేడికి తడి యారిన పిమ్మట గుడ్డతో తుడిచి, ఆపైన నూనె రాయవలెనని సిపాయిలకు నేర్పుచుండిరి. ఇందుకు కావలసిన త్రాడు, నూనెసీసా రైఫిలు వెనుక కొయ్యలోని చిన్న అరలోనే యుంచబడెడివి. ఇనుమునకు నీరు శత్రువని యెఱిగినవాడు నీరు పోయుటకు జంకును. ఉప్పు సంగతి యెఱిగినవాడు జంకడు. చేయు పనికి కారణము తెలియుటవలన కలుగు లాభమిది. పిల్లలకు శాస్త్రమును కంఠస్థము చేయించుటకంటె ఇట్టి యొక్క ఉదాహరణము మేలు.

తూటాలేని తుపాకి

తెలుగునాట మరియొక చరిత్ర యీ పాఠమునకు తోడగుచున్నది. అల్లూరి సీతారామరాజు 1922 ఆగష్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషనులపై పడి, మొత్తము 26 తుపాకులను 2,500కు పైగా తూటాలను తీసికొనెను. తీసికొన్న వాని లెక్కను వ్రాసి స్టేషనులోనే విడిచిపోవుట ఆయన పద్ధతి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అను ఇద్దరు అధికారులు ఆ తుపాకులకే గుఱియైరి. మన్యపు వీరులు వానిని వాడుట త్వరలోనే నేర్చిరి. కాని తూటా అడవిలో పండదు. నల్లమందును పల్లెలో నూరవచ్చును. ఇత్తడి తూటాను కార్ఖానా లేక చేయలేరు. ప్రభుత్వము స్టేషనుల ఆయుధములను జాగ్రత్తపెట్టిన కొలదిని ఉద్యమమునకు తూటాల కొఱత ముదిరెను. 1924 మే 7న కొయ్యూరులో రాజు ప్రాణము లర్పించెను. పాళెములనాటి కథయే నూటయిరువది యేండ్లకు మన్యములో మరల జరిగినది.

ఇంట పాత ఆయుధమున్నచో

ఇంతవరకు చెప్పినదానిని బట్టి తుపాకి నమ్మకము ఇనుములో కొంతయే గలదనియు, మందు, తేమ, శుభ్రత, అలవాటు, సరఫరా అనువానిలో మిక్కిలి గలదనియు తేలుచున్నది. దశాబ్దములుగా ఎవరును చూడని తుపాకికి వీనిలో ఏదియు లేదు. అట్టిది పేలవలెనన్నపుడు పేలదు, పేలరాదన్నపుడు పేలును. కావున తల్లిదండ్రులు ఈ క్రింది సంగతులను మనసున నుంచుకొనవలెనని కోరుచున్నాను.

1. మూతినుండి నింపు పాత తుపాకిలో మందును గుండును నింపి మరచియుండవచ్చును. గొట్టములో బిగిసి పొడిగా నున్న నల్లమందు ఎన్నియేండ్లయినను చెడదు. త్రుప్పుపట్టినది గదా యని నిప్పు చూపుట, సుత్తితో తట్టుట, కమ్మరి కొలిమికి పంపుట ప్రాణాపాయకరము.

2. ఏ తుపాకినైనను నిండియున్నదానిగానే భావింపవలెను. దాని మూతిని ఆటకైనను మనిషివైపు త్రిప్పరాదు. మీటపై వ్రేలుంచరాదు.

3. పాత తూటాలను కోయుట, కొట్టుట, పొయ్యిలోనో చెత్తమంటలోనో వేయుట కూడదు. పాతమందు వెంటనే అంటుకొనక కొన్ని క్షణములు నిలిచి పేలుటయు కలదు. టపాకాయ ఆరినదని వంగి చూచిన పిల్లవానికి దీపావళినాడు ఏ ప్రమాదము కలుగుచున్నదో ఇక్కడను అదియే, అంతకు పదిరెట్లు.

4. మన ఇండ్లలో ఆయుధపూజనాడు పూర్వుల కత్తి, ఈటె, తుపాకులను జక్కమ్మ యెదుట నుంచి పసుపు కుంకుమ లిడుట సంప్రదాయము. కత్తిని, ఈటెను పెద్దల యెదుట చూపవచ్చును. తుపాకిని మాత్రము పిల్లల చేతికీయరాదు. దానిని తుడుచుటకు సైతము వారిని పంపరాదు.

5. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సులేక తుపాకిని, తూటాను ఇంటనుంచుకొనుట నేరము. బాగుచేసినను బాగుచేయకున్నను తుపాకిగా పనికిరాని పాతకాలపు ఆయుధములకు ఆ చట్టపు 45వ సెక్షనులో మినహాయింపు కలదు. కాని ఒక తుపాకి పనికివచ్చునో రాదో నిర్ణయించుట మన పని కాదు. దానిని కదల్పక, సమీప పోలీసు స్టేషనుకు తెలిపి, వారు వచ్చి చూచువరకు గదికి తాళము వేయుట ఉత్తమము.

6. పొలము దున్నునపుడో, పునాది తీయునపుడో పాత ఆయుధము బయటపడినచో తాసీల్దారు కచ్చేరికి తెలుపవలెను. 1878 నాటి నిక్షేపముల చట్టము నేలలో దొరకిన విలువగల వస్తువులను కలెక్టరునకు తెలుపవలెనని చెప్పుచున్నది. పాత యినుముగా అమ్మినచో రెండు వందల రూపాయలు వచ్చును. పాళెముల చరిత్రకు మిగిలిన ఒక సాక్ష్యము కరగిపోవును.

ఈ కడపటి మాటను కొంచెము విస్తరింపవలెను. 1799లోను 1801లోను ఆయుధముల నప్పగింపుమన్న ఆజ్ఞలవలన మన పూర్వుల తుపాకులు, ఈటెలు పోగై నాశనమైనవి. మిగిలినవి బహుకొద్ది. చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలలో తంజావూరు ఆయుధశాలనుండి వచ్చిన తుపాకులు, కత్తులు, ఈటెలు ఉన్నవి. విహారయాత్రకు పోవు పిల్లలకు వానిని చూపి, ఏది జామగీ, ఏది చెకుముకి, ఏది చాళ్ల గొట్టము అని అడుగవలెను. ఆ పేర్లు తెలుగున చెప్పగలిగిన బిడ్డకు చరిత్రయు భాషయు రెండును దక్కినట్లే. జామగీ యను మాట ఇంట వాడువారు నేడు లేరు. వస్తువు పోయినపుడు మాటయు పోవుట సహజమే. కాని చరిత్ర చదువుటకు ఆ మాట కావలెను. ఆ పని పాఠశాల యొక్కతెయే చేయలేదు. రాత్రి భోజనము వేళ తల్లియో తండ్రియో తోడ్పడవలెను.

ఇంట పిల్లల నడుగదగిన ప్రశ్నలు

1. మూసిన గొట్టములో గాలిలేక మందు ఎట్లు మండుచున్నది?
2. వానలో జామగీ తుపాకి, చెకుముకి తుపాకి, ఈటె – మూటిలో ఏది పనిచేయును? కారణమేమి?
3. చాళ్లు తీసిన గొట్టమునుండి వచ్చు గుండు దారి తప్పకుండుటకు బొంగరముతో పోలిక చెప్పుము.
4. పాత త్రీనాట్‌త్రీ గొట్టమును నూనెతో గాక ముందుగా మరిగిన నీటితో ఏల కడుగుచుండిరి? అగ్గిపుల్లకు దీనికి సంబంధమేమి?
5. రాస్ రైఫిలు గుఱి మంచిదయ్యు సిపాయిలచే ఏల విడువబడెను?
6. అటకమీద పాత తుపాకి కనబడినచో నీవు మొదట ఎవరికి చెప్పుదువు? ఏమి చేయవు?

కడపటి ప్రశ్నకు బిడ్డ తడుముకొనక “ముట్టను, మీతో చెప్పుదును” అని యుత్తరమిచ్చినచో ఈ పాఠము వ్రాసిన శ్రమ ఫలించినదని తలంతును.